అరకు, పాడేరు, లంబసింగి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విశాఖపట్నం. దసరా దాటిందంటే చాలు, బంధువుల ఫోన్లు మొదలవుతాయి. "అరకు ఎప్పుడు రమ్మంటావు?", "లంబసింగిలో నిజంగా మంచు పడుతుందా?", "ఒక్క రోజులో అన్నీ అయిపోతాయా?" ఏటా అవే ప్రశ్నలు, ఏటా నావీ అవే జవాబులు. విసుగొచ్చి ఈసారి రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చూసుకుని మిగతావి వదిలేయొచ్చు.

కొండెక్కి నిరాశగా దిగినవాళ్లని చాలామందిని చూశాను. చోటు మంచిదే ఎంచుకుంటారు, నెల తప్పుతారు. నెల కుదిరితే గంట తప్పుతారు. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఎప్పుడు, ఎన్ని గంటలకు అన్నదాని గురించే.

## ఏ నెలలో వెళ్లాలి

అరకుకి ఏ నెల మంచిది? ఒక్కటే చెప్పండి.

ఒక్కటే చెప్పమంటే నవంబరు. వానలు తగ్గి కొండలు ఇంకా పచ్చగానే ఉంటాయి, గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, నీళ్లుంటాయి, వలిసె పూలుంటాయి, పొద్దున్నే మంచు కూడా మొదలవుతుంది. చలి ఎక్కువగా కావాలంటే డిసెంబరు రెండో వారం నుంచి జనవరి నెలాఖరు వరకు. జలపాతాలు నిండుగా కావాలంటే ఆగస్టు, సెప్టెంబరు. జనం లేకుండా కావాలంటే ఫిబ్రవరిలో, అదీ సోమవారం నుంచి గురువారం లోపు రండి. డిసెంబరు 25 నుంచి సంక్రాంతి దాకా ఉండే రద్దీలో మాత్రం నన్ను రమ్మనకండి. అనంతగిరి ఘాట్‌లో బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతే చూసేది ముందు కారు నంబరు ప్లేటే.

వలిసె పూలు ఎప్పుడు పూస్తాయి? క్రిస్మస్ సెలవులకి వస్తే ఉంటాయా?

క్రిస్మస్‌కి దాదాపు అయిపోతాయి. అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు అంతా బాగుంటాయి, డిసెంబరు మొదటి వారాల్లో అక్కడక్కడా మిగిలి ఉంటాయి. ఆ ఏడు వానలు ఆలస్యమైతే పూత కూడా కొంచెం జరుగుతుంది.

ఇవి అందానికి పెంచే పూలు కావు. వలిసెలు నూనె గింజల పంట, కొన్ని చోట్ల వెర్రి నువ్వులని కూడా అంటారు. మెట్ట పొలంలో వాన మీద ఆధారపడి పండిస్తారు. ఫోటో కోసం చేలోకి దిగి పదిమంది తొక్కితే, తొక్కినంత మేరా గింజ పోయినట్టే. చాలా చోట్ల రైతులు దడి కట్టి, లోపలికి వెళ్లి ఫోటో తీసుకోవడానికి కొంత డబ్బు అడుగుతున్నారు. బేరమాడకుండా ఇచ్చేయండి. పూల మీద తేనెటీగలు చాలా ఉంటాయి, ఘాటైన సెంటు కొట్టుకుని చేలోకి వెళ్లకండి.

లంబసింగిలో నిజంగా స్నో పడుతుందా?

పడదు. ఈ గందరగోళానికి సగం కారణం మన భాషే. పొగమంచుకీ, గడ్డి మీది మంచు బిందువులకీ, హిమాలయాల్లో కురిసేదానికీ అన్నిటికీ మనం మంచు అనే అంటాం. లంబసింగిలో ఉండేది దట్టమైన పొగమంచు. సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో, చింతపల్లి మండలంలో ఉంటుంది ఊరు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత తరచుగా పది డిగ్రీల లోపుకి పడిపోతుంది, బాగా చలి పట్టిన ఏడాది సున్నాకి దగ్గరగా కూడా వెళ్తుంది. అలాంటి తెల్లవారుజామున గడ్డి మీద, బండి సీటు మీద తెల్లగా సన్నని పొర గడ్డకట్టి కనిపించవచ్చు. వేలితో గీస్తే ఉప్పులా రాలుతుంది. అంతవరకే. ఆ ఊరికి స్థానికంగా కొర్రబయలు అనే పేరుంది. రాత్రి బయట పడుకుంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు.

మేఘాలు చూద్దామని పాడేరు దగ్గర వంజంగి కొండకి వెళ్లాం, మేఘాలే లేవు. మమ్మల్ని మోసం చేశారా?

ఎవరూ మోసం చేయలేదు. మేఘాల సముద్రం రోజూ ఏర్పడదు. ఎలా ఏర్పడుతుందో తెలిస్తే, వెళ్లాలా వద్దా అన్నది ముందు రోజు రాత్రే కొంత ఊహించవచ్చు.

ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తొందరగా చల్లారుతుంది. నేలని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, కొండల మీద నుంచి లోయలోకి జారుతుంది. లోయలో తేమ బాగా ఉంటే అదంతా పొగమంచుగా మారి గిన్నెలో పాలు పోసినట్టు నిలబడుతుంది. దాని పైన గాలి కొంచెం వెచ్చగా ఉంటుంది కాబట్టి మంచు పైకి లేవదు. మనం ఆ గిన్నె అంచు మీద నిలబడి కిందకి చూస్తాం, అదే మేఘాల సముద్రం. కాబట్టి మూడూ కుదరాలి: రాత్రి మబ్బు ఉండకూడదు, గాలి వీచకూడదు, నేలలో తేమ ఉండాలి. వాన పడి ఒకటి రెండు రోజులు ఆగాక తేటగా తెల్లవారితే అవకాశం చాలా ఎక్కువ. రాత్రి పన్నెండుకి బయటికొచ్చి తల పైకెత్తండి. నక్షత్రాలు బాగా కనిపిస్తూ, ఆకు కదలకుండా ఉంటే అలారం పెట్టుకోండి. రాత్రంతా మబ్బు పట్టి ఉంటే హాయిగా పడుకోవచ్చు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మేమే మేఘంలో ఉన్నాం. పక్కన నిలబడ్డ తమ్ముడి జాకెట్ రంగు తప్ప ఏమీ కనిపించలేదు. ఏడున్నరకి విసిగిపోయి సగం మంది దిగిపోయారు. పావుగంట తర్వాత మంచు కొంచెం కిందకి జారింది, అంతే, ఎదురుగా కొండ తలలన్నీ దీవుల్లా తేలాయి. ఎనిమిదిన్నరకి అదీ కరిగిపోయింది.

మేఘాలకి వంజంగి, మాడగడ, చెరువులవేనం: వీటిలో ఏది?

మీరు బస చేసిన చోటుకి దగ్గరగా ఉన్నది. పాడేరులో ఉంటే వంజంగి, అరకులో ఉంటే మాడగడ, లంబసింగిలో ఉంటే చెరువులవేనం. తెల్లవారుజామున మూడింటికి లేచి పొగమంచులో ఘాట్ రోడ్డు మీద గంటన్నర బండి నడిపి ఇంకో కొండకి వెళ్లాల్సినంత తేడా వాటి మధ్య లేదు. వంజంగిలో ఎక్కుడు ఎక్కువ, కానీ చూపు విశాలంగా పారుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మాడగడ నయం. డిసెంబరు, జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఆరుంబావు, ఆరున్నర ప్రాంతంలో. ఐదున్నరకల్లా పైన ఉండాలి.

ఎండాకాలంలో వెళ్తే వేస్టా?

వేస్ట్ కాదు, కానీ ఊటీ అనుకుని వెళ్తే మాత్రం నిరాశే. మధ్యాహ్నం అరకులోనూ ఎండ గట్టిగానే ఉంటుంది. సాయంత్రం, రాత్రి హాయిగా ఉంటుంది. నాకు మార్చి, ఏప్రిల్ ఇష్టం, కారణం కాఫీ పూత. మొదటి వేసవి జల్లు పడిన వారం పది రోజులకి కాఫీ మొక్కల కొమ్మలన్నీ తెల్లబడతాయి, వాసన అచ్చం మల్లెపూలదే. మూడు నాలుగు రోజుల్లో రాలిపోతాయి కాబట్టి ముందే తేదీ పెట్టుకుని చూడలేం. మే నెలలో పాడేరులో మోదకొండమ్మ జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం. అదే నెలలో పనస పళ్లు, రోడ్డు పక్కనే కోసి తొనలు అమ్ముతారు.

జులై, ఆగస్టులో పిల్లలతో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, రెండు షరతులతో. గెడ్డల్లోకి, జలపాతాల కిందకి దిగకూడదు. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు మీద ఉండకూడదు. మన్యం అసలు అందం వానాకాలంలోనే ఉంటుందని నేనంటాను, మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. దోమలు మాత్రం ఎక్కువ. ఇది మలేరియా ప్రాంతం, పిల్లలకి ఫుల్ చేతుల చొక్కాలు, దోమల క్రీము, పడుకునేటప్పుడు దోమతెర తప్పనిసరి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి "ఏజెన్సీకి వెళ్లొచ్చాం" అని మీరే ముందు చెప్పండి, రక్త పరీక్ష తొందరగా చేస్తారు.

తుఫాను హెచ్చరిక ఉందన్నారు. రద్దు చేసుకోమంటారా?

చేసుకోండి. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మన్యంలో కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు విపరీతంగా కూలిపోయాయి. తుఫాను వెళ్లిపోయినా ఘాట్ మీద కొండచరియలు జారడం, రైలు పట్టాల మీద బండలు పడడం రెండు మూడు రోజులు ఉంటుంది. గది డబ్బులు పోయినా సరే, వారం ఆగి వెళ్తే మేఘాలకి అదే మంచి సమయం.

## బయల్దేరే ముందు

ఒక్క రోజులో అరకు, లంబసింగి రెండూ చూడొచ్చా?

చూడలేరు, దాటుకుంటూ వెళ్లగలరు. మ్యాపులో పక్కపక్కనే ఉన్నట్టుంటాయి కానీ మధ్యలో పాడేరు మీదుగా కొండ దారి, ఆగకుండా నడిపినా మూడు గంటల పైనే. అరకుకి విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా దాదాపు 115 కిలోమీటర్లు. లంబసింగికి దారి వేరు, నర్సీపట్నం వైపు నుంచి. రెండూ కావాలంటే రెండు రాత్రులు పెట్టుకోండి: ఎస్.కోట మీదుగా ఎక్కి మొదటి రాత్రి అరకులో, మర్నాడు పాడేరు చూసుకుంటూ రెండో రాత్రి లంబసింగిలో, మూడో రోజు నర్సీపట్నం మీదుగా దిగడం. ఎక్కిన దారిన దిగకుండా చుట్టూ తిరిగొచ్చినట్టవుతుంది.

రైలు బాగుంటుందా, కారు బాగుంటుందా?

ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు. విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఇది కొత్తవలస–కిరండూల్ లైను, అందరూ కేకే లైను అంటారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడం కోసం 1960లలో జపాన్ సాయంతో వేశారు. లైను మొత్తం మీద 58 సొరంగాలు. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలందరూ కలిసి పెట్టే కేకలు టికెట్‌లో భాగమే అనుకోండి. దారిలో శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినది అదే.

అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చింది. శీతాకాలం శని, ఆదివారాలకి టికెట్లు తెరిచిన రోజే అయిపోతాయి, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. అది దొరక్కపోతే బాధపడకండి. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే చల్లగాలి మొహానికి తగులుతుంది, అద్దాల పెట్టెలో అది ఉండదు.

హైదరాబాద్ నుంచి వస్తున్నాం. విశాఖ దాకా రావాల్సిందేనా?

అరకు అయితే విశాఖ దాకా రావడమే సుఖం. లంబసింగి ఒక్కటే అయితే అక్కర్లేదు. నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లోనో, మీ రైలు అక్కడ ఆగకపోతే తుని, అనకాపల్లిలోనో దిగి నర్సీపట్నం చేరండి. అక్కడి నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు.

ఈ చివరి ముప్పై కిలోమీటర్ల రోడ్డుకి ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ కాలంలో నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనుల్లో కొండవాళ్ల చేత చాలీచాలని కూలికి బలవంతంగా చాకిరీ చేయించారు. అప్పటి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద రేగిన ఆ కోపం మన్యం తిరుగుబాటుకి ఒక కారణం. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న మొదట దాడి చేసింది చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. 2022లో ఏర్పడిన కొత్త జిల్లాకి ఆయన పేరే పెట్టారు, కేంద్రం పాడేరు.

కారు నడపడం వచ్చు కానీ ఘాట్ రోడ్డు ఎప్పుడూ నడపలేదు. ధైర్యం చేయొచ్చా?

పగటిపూట, వాన లేని రోజున, తొందరపడకుండా అయితే చేయొచ్చు. ఎక్కేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు, ప్రమాదం దిగేటప్పుడే. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, రెండు లేదా మూడు. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోల్ మిగిల్చాలని చూడకండి. బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే కాసేపటికి కాలిన రబ్బరు లాంటి వాసన వస్తుంది. మా బావమరిది మొదటిసారి దిగుతున్నప్పుడు అదే జరిగింది, ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాం. వాసన మన బండిలోంచే అని తెలిసేసరికి బ్రేకు పెడల్ మెత్తబడిపోయింది. అలాంటప్పుడు పక్కన ఆపి అరగంట చల్లారనివ్వాలి, నీళ్లు పోయకూడదు.

మలుపు ముందు హారన్ కొట్టండి. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, అది చట్టం కూడా. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు, లోబీమ్ వేయండి. పెట్రోల్ ఎస్.కోటలోనో నర్సీపట్నంలోనో నింపుకుని ఎక్కండి.

పిల్లలకి ఘాట్‌లో వాంతులవుతాయి. ఏం చేయాలి?

ఖాళీ కడుపు వద్దు, నిండు కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. ఫోన్ చేతికివ్వకండి, దాన్ని చూస్తూ కూర్చుంటేనే ఎక్కువగా తిప్పుతుంది. కిటికీ తీసి దూరంగా చూడమనండి. మాత్ర వేయాలంటే డాక్టర్ని అడిగి, ఎక్కడానికి అరగంట ముందే వేయాలి. వాంతి మొదలయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికే వస్తుంది.

ఎలాంటి బట్టలు తెచ్చుకోవాలి?

ఒక్క లావుపాటి కోటు కన్నా రెండు మూడు పల్చటివి ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మేలు. తెల్లవారుజామున వణుకు, పదకొండింటికి చెమట, మళ్లీ ఆరింటికి వణుకు. చెవులకి మఫ్లరు, కాళ్లకి మేజోళ్లు మరవొద్దు. వంజంగి లాంటి చోట్ల మంచుకి మట్టి తడిసి జారుతుంది, చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి.

గది ముందే బుక్ చేయాలా?

నవంబరు నుంచి జనవరి దాకా శుక్రవారం, శనివారం రాత్రులకి చేయాల్సిందే. మిగతా రోజుల్లో వెళ్లి చూసుకుని తీసుకోవచ్చు. బుక్ చేసేటప్పుడు "వేడినీళ్లు ఉంటాయా?" అని అడగొద్దు, అందరూ ఉంటాయనే అంటారు. "ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, కుళాయిలోనా, బకెట్టుతోనా?" అని అడగండి. ఒక లాడ్జిలో మా నలుగురికీ కలిపి ఒక్క బకెట్టు ఇచ్చారు, అదీ ఎనిమిదింటికి. రాష్ట్ర పర్యాటక సంస్థ ఏపీటీడీసీ వాళ్ల వసతి అరకులోనూ, ఘాట్ మీద టైడాలోనూ ఉంది.

## అక్కడికి చేరాక

బొర్రా గుహలు పెద్దవాళ్లు చూడగలరా?

గుహ ముఖద్వారం దాకా, మొదటి పెద్ద హాలు దాకా నెమ్మదిగా దిగగలరు. అక్కడే ఒక బండ మీద కూర్చోబెట్టండి, చూడాల్సిందాంట్లో సగం అక్కడి నుంచే కనిపిస్తుంది. పై నుంచి పడే వెలుతురు, ఆ లోపలి ఎత్తు చాలు. శివలింగం దగ్గరికి ఎక్కే మెట్లు నిటారుగా, తడిగా ఉంటాయి, మోకాళ్లు సహకరించనివాళ్లు ప్రయత్నించకపోవడమే మంచిది.

ఇవి సున్నపురాయి గుహలు. నీళ్లు రాతిని కరిగించుకుంటూ చుక్కచుక్కగా కారి, పైనుంచి వేలాడే రూపాలని, కింది నుంచి లేచే రూపాలని కట్టాయి. లింగం కూడా అలా లేచినదే. ఆవు ఒకటి పై రంధ్రం లోంచి పడిపోతే వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లింగం కనిపించిందని స్థానికుల కథ. ఇక్కడి నుంచి పారే నదికి గోస్తని అని పేరు, అది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. రాతి రూపాల్ని చేత్తో తడమకండి, చేతి జిడ్డు అంటిన చోట రాయి పెరగడం ఆగుతుంది. బయట కోతులు మహా గడుసువి, చేతిలో మొక్కజొన్న పొత్తు ఉంటే అది మీది కాదనుకోండి. సాయంత్రం ఐదుకల్లా మూసేస్తారు, మూడు దాటకుండా చేరండి.

జలపాతాల్లో దేనికి వెళ్లాలి? దిగొచ్చా?

బొర్రా దగ్గర కటికి: జీపులో ఎగుడుదిగుడు దారి, ఆపైన కొంత నడక, వెళ్లినందుకు తగిన జలపాతం. డుంబ్రిగూడ దగ్గర చాపరాయి: జలపాతం అనడం ఎక్కువ, వాలుగా ఉన్న పెద్ద బండ మీద పారే నీళ్లు. కుటుంబాలు వెళ్లేది దానికే. జి.మాడుగుల మండలంలో కొత్తపల్లి: మెట్టు మెట్టుగా దిగుతుంది, పాడేరులో ఉన్నవాళ్లకి దగ్గర.

దిగడం గురించి గట్టిగానే చెబుతాను. ప్రతి ఏడాదీ ఈ గెడ్డల్లో కుర్రాళ్లు పోతున్నారు. ఎక్కువమంది ఈత రాక కాదు, నాచు మీద జారి తల బండకి తగిలి. చాపరాయిలో కూడా చెప్పులు విప్పి తడి బండ మీద మొదటి అడుగు వేసి చూడండి, సబ్బు మీద వేసినట్టుంటుంది. ఇంకోటి: మీరున్న చోట వాన లేకపోయినా పైకొండ మీద పడితే నీళ్లు ఒక్కసారిగా వస్తాయి. తేటనీళ్లు మట్టిరంగుకి మారడం, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకురావడం, హోరు పెరగడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా వెంటనే ఒడ్డెక్కాలి. ఫోటో పూర్తయ్యాక అనుకోకూడదు. గట్టు మీద పశువుల కాపరి ఎవరైనా అరుస్తుంటే చెయ్యి ఊపకండి, పైకి రండి.

పద్మాపురం గార్డెన్స్, ట్రైబల్ మ్యూజియం చూడదగ్గవేనా?

పిల్లలుంటే గార్డెన్స్‌కి వెళ్లండి, టాయ్ ట్రైన్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. మ్యూజియానికి గంట చాలు. పక్కనే ఉన్న కాఫీ మ్యూజియంలో మాత్రం కాఫీ తాగకుండా రాకండి.

సంత ఏ రోజు? మనం వెళ్లొచ్చా?

అరకులో శుక్రవారం. నిరభ్యంతరంగా వెళ్లొచ్చు, నా లెక్కలో అరకులో అన్నిటికన్నా చూడదగ్గది అదే. పొద్దున తొమ్మిదింటికి గూడేల నుంచి ఆడవాళ్లు తలమీద బుట్టలతో దిగుతారు. కాలాన్ని బట్టి సరుకు మారుతుంది: వానాకాలంలో పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, అక్టోబరులో సీతాఫలాలు, చలికాలంలో రాజ్‌మా, పచ్చి పసుపు, అల్లం, ఆ తర్వాత కొండచీపుర్లు, చింతపండు, అడ్డాకులు. తూకం కన్నా కుప్ప లెక్కే ఎక్కువ. ఒకసారి ఒక ముసలావిడ దగ్గర సీతాఫలాల కుప్ప కొంటే, డబ్బులు లెక్కపెట్టుకున్నాక నా వైపు ఒకసారి చూసి, ఇంకో రెండు కాయలు తీసి సంచిలో వేసింది. అలాంటి చోట ఐదు రూపాయల కోసం బేరమాడడం నాకు నచ్చదు.

చిల్లర తీసుకెళ్లండి. అరకు టౌన్‌లో ఫోన్‌పే నడుస్తుంది కానీ సంతలో, గూడేల్లో సిగ్నల్ నమ్ముకోలేం.

గిరిజనుల ఫోటోలు తీయొచ్చా? థింసా నృత్యం ఎక్కడ చూడాలి?

అడిగి తీయండి. తల అడ్డంగా ఊపితే కెమెరా దించేయండి. సంతలోనో, ఇంటి ముందో కూర్చున్న మనిషి మీకోసం ప్రదర్శనకి రాలేదు.

థింసా పర్యాటకుల కోసం రిసార్టుల్లో సాయంత్రాలు ఆడతారు. ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, డప్పు, తుడుము, మోరీ లయకి వంకర్లు తిరిగే పాములా సాగుతారు. కాళ్ల కడియాల చప్పుడు అంతా ఒక్కసారే పడుతుంది. అసలు చోటు అయితే గూడెంలో పెళ్లి, లేదంటే చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండగ. పిలిస్తేనే వెళ్లాలి. చేయి పట్టి వరసలోకి లాగితే సిగ్గుపడకుండా వెళ్లండి, అడుగు తప్పినా ఎవరూ ఏమీ అనుకోరు, కాకపోతే నవ్వుతారు.

బొంగులో చికెన్ బాగా చేసింది ఎలా గుర్తుపట్టాలి?

బొంగు పచ్చిగా ఉండాలి, మీ కళ్లముందు కాల్చాలి. మసాలా పట్టించిన ముక్కలు బొంగులో కూరి, మూతికి ఆకులు దట్టించి నిప్పుల మీద పెడతారు. నూనె ఉండదు, కోడి కొవ్వులోనూ వెదురు తడిలోనూ ఉడుకుతుంది. సుమారు ముప్పావు గంట పడుతుంది. అడిగిన ఐదు నిమిషాల్లో ఇచ్చారంటే ముందే వండి బొంగులో వేసి వేడిచేశారని అర్థం. ఆకలి కాకముందే చెప్పి అలా తిరిగి రండి.

కాఫీ తోటలోకి వెళ్లొచ్చా?

అనంతగిరి దగ్గర ఘాట్ రోడ్డు పక్కనే తోటలున్నాయి. చాలావరకు గిరిజన రైతులవి, అడిగితే లోపలికి రానిస్తారు. నవంబరు నుంచి జనవరి దాకా పళ్లు ఎర్రబడతాయి. ఒకటి కోసుకుని నోట్లో వేసుకోండి: తొక్క కింద పల్చటి తీపి గుజ్జు, లోపల జిగురుగా రెండు గింజలు, కాఫీ రుచి ఇసుమంతైనా ఉండదు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు. ఒకటి కొరకండి, దుకాణంలో కొన్న మిరియం ఎంత పాతదో తెలుస్తుంది. ఒక్కటి చాలు, గుప్పెడు కోస్తే అది దొంగతనం.

చలిగా ఉంది, గదిలోనో టెంట్‌లోనో కుంపటి పెట్టుకోవచ్చా?

వద్దు, ఎంత చలైనా వద్దు. మూసిన చోట బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనిషికి తెలియదు, ప్రాణం పోతుంది. నిప్పు బయటే వేసుకుని, కాచుకుని, పూర్తిగా ఆర్పి లోపలికి వెళ్లండి. ఇంకో దుప్పటి అడగండి. గది వాళ్లు లేదంటే ఉన్న బట్టలన్నీ వేసుకుని పడుకోండి, మేం అలాగే పడుకున్నాం.

## కొనడం, తిరుగు ప్రయాణం

అసలు అరకు కాఫీ పొడి ఏది?

ప్యాకెట్ వెనక చూడండి. చికోరీ కలిపితే ఎంత శాతమో ముద్రించాలి, చట్ట ప్రకారం 49 శాతం దాకా కలపవచ్చు. ఫిల్టర్ కాఫీకి కొంచెం చికోరీ కావాలనుకునేవాళ్లు కావాలనే కొంటారు, తప్పేం కాదు. కానీ అరకు రుచి తెలియాలంటే ప్యూర్ కాఫీ అని ఉన్నది తీసుకోండి. ఇక్కడ పండేది అరబికా రకం, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, దుకాణాల్లో కాఫీతో పాటు తేనె, పసుపు, మిరియాలు కూడా నమ్మకంగా దొరుకుతాయి. రోడ్డు పక్క సీసాల్లో అమ్మే తేనె గురించి నేనేం చెప్పను, నేను కొనను.

చెక్‌పోస్టులో బండి ఆపి సామాన్లన్నీ చూశారు. ఎందుకు?

గంజాయి కోసం. దిగే దారుల్లో తనిఖీ మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. ఆధార్, బండి కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఎవరైనా "ఈ సంచి కింద మా వాళ్లకి ఇచ్చేయండి" అంటే ఒప్పుకోకండి, ఎంత మర్యాదగా అడిగినా సరే. తెలియని మనిషికి లిఫ్ట్ ఇచ్చేటప్పుడు కూడా సామాను సంగతి చూసుకోండి. మీ బండిలో దొరికితే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే, ఆ కేసులో బెయిల్ అంత తేలిక కాదు.

ఇక్కడ కొంచెం స్థలం కొని చిన్న కాటేజీ కట్టుకోవచ్చా?

మీరు గిరిజనులు కాకపోతే కుదరదు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదని 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, వాటిని గట్టిపరిచిన 1970 సవరణ చెబుతున్నాయి. జనం నోట వన్ ఆఫ్ సెవంటీ అని నలిగేది అదే. గిరిజనేతరుడి దగ్గర నుంచి ఇంకో గిరిజనేతరుడు కొనడం కూడా చెల్లదు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు ప్రైవేటు కంపెనీలకి కూడా ఇదే వర్తింపజేసింది. "బినామీ పేరు మీద రాయిద్దాం సార్, అందరూ చేస్తున్నదే" అనే మధ్యవర్తులు కాఫీ హోటళ్ల దగ్గరే తగులుతారు. ఆ డబ్బు తిరిగిరాదు.

తిరుగు ప్రయాణం ఎన్నింటికి మొదలుపెట్టాలి?

సూర్యుడు ఉండగానే ఘాట్ దిగిపోయేలా. చలికాలంలో ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి అరకులో మూడు దాటకూడదు, పాడేరులో మూడున్నర. పాడేరు నుంచి దిగే దారి మాడుగుల మీదుగా వెళ్తుంది. మాడుగుల హల్వా పేరు వినే ఉంటారు, గోధుమ పాలతో చేస్తారు. ఇంటికి తీసుకెళ్లేది వేరే ప్యాకెట్ కట్టించుకోండి. కారులో తెరిచిన డబ్బా చోడవరం దాటదు.